క్యాసినో సంగతి తర్వాత, ముందు రేవు ఎవరిదో తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశా గంజాం జిల్లాలో రంభకీ పాలూరుకీ మధ్య చిలికా సరస్సు ఒడ్డున మన తెలుగు మత్స్యకారుల పల్లె. బయటి నుంచి వచ్చిన కంపెనీవాళ్ళు స్టార్ హోటలు, అందులో క్యాసినో కడతామంటున్నారు. ఇంటికో ఉద్యోగం, ఊరికో జెట్టీ ఇస్తామంటున్నారు. బ్రోకర్లు తోటలూ మెట్టలూ బేరమాడుతున్నారు. కుర్రాళ్ళు ఒప్పుకుందామంటే పెద్దలు వద్దంటున్నారు, త్వరలో పల్లి సభ (ఊరి ఓటర్లందరి సభ) ఉంది. ఏ వైపు చెయ్యెత్తాలి?

నన్నడిగితే వద్దనే చెబుతాను. జూదం పాపం కాబట్టి వద్దనడం లేదు. సంక్రాంతికి కోడిపందాలూ, కుమార పున్నమికి పేకాటా ఉన్న ప్రాంతంలో ఆ వాదన పల్లి సభలో పది నిమిషాలు కూడా నిలబడదు. నా అభ్యంతరం వేరు. ఈ బేరంలో మీరు పోగొట్టుకునేది ఏ కాగితంలోనూ మీ పేరున లేదు, వాళ్ళు ఇస్తామంటున్నదీ ఏ కాగితంలోనూ లేదు.

ముందు క్యాసినో మాటే చూద్దాం. పందేలు, జూదం అన్నవి రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. అంటే ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. ఒడిశాలో ఉన్నది 1955 నాటి జూద నిరోధక చట్టం. అది జూదగృహం నడపడాన్ని నేరంగా చూసే చట్టమే గానీ లైసెన్సులిచ్చే చట్టం కాదు. గోవాలో క్యాసినోలున్నాయంటే అక్కడి 1976 చట్టాన్ని తర్వాత సవరించి, అయిదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాల ఆటలకీ, నీటి మీది ఓడల్లో టేబుల్ ఆటలకీ దారి తీశారు. సిక్కిం 2002లో ఏకంగా వేరే చట్టమే చేసుకుంది. మహారాష్ట్రది ఇంకా చిత్రం. 1976లో క్యాసినోల చట్టం చేసి, ఒక్క రోజు కూడా అమలు చెయ్యకుండా దగ్గర దగ్గర 47 ఏళ్ళు అట్టేపెట్టి, 2023లో రద్దు చేసింది. చట్టం పుస్తకంలో ఉన్నచోటే ఒక్క క్యాసినో లేవలేదు. ఆ పుస్తకమే లేని గంజాం జిల్లాలో మీ ఊరికి ఎలా వస్తుంది?

కాబట్టి కంపెనీవాళ్ళను అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: 'ఒడిశా అసెంబ్లీ చేసిన ఏ చట్టం కింద మీకు జూదం లైసెన్సు ఇస్తారు? గెజిట్ నంబరు చెప్పండి.' దానికి బదులు సింగిల్ విండో కమిటీ ఆమోదం కాగితం చూపిస్తారు. 50 కోట్ల దాకా పెట్టుబడికి జిల్లా కమిటీ, ఆపైన 1,000 కోట్ల దాకా రాష్ట్ర స్థాయి కమిటీ ఇచ్చేది పెట్టుబడికి సూత్రప్రాయమైన ఆమోదం. అది హోటలుకి చెల్లుతుంది, పేకముక్కకి చెల్లదు.

మరి లేని క్యాసినో పేరు ఎందుకు వాడుతున్నారు? భూమి ధర కోసం. క్యాసినో వస్తుందంటే పక్క సర్వే నంబర్లలో కొనేవాళ్ళు పుట్టుకొస్తారు, అమ్మేవాళ్ళు తొందరపడతారు. చట్టం వస్తే లాభం వాళ్ళది, రాకపోయినా సరస్సు ఒడ్డు భూమి చేతిలో మిగులుతుంది. ఏ విధంగా చూసినా వాళ్ళకి నష్టం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఊరికి ఆస్తి ఏమిటంటే అందరూ ఇళ్ళూ తోటలూ లెక్కపెడతారు. పడవలు లాగి పెట్టుకునే ఒడ్డు, వలలు పరిచి బాగుచేసుకునే చోటు, చేపలు ఎండబెట్టే ఇసుక, రోడ్డు మీది నుంచి రేవులోకి దిగే దారి మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. ఎందుకంటే వీటిలో దేనికీ మీ పేరున పట్టా లేదు. తహసీలు రికార్డులో అవి సర్వసాధారణ (ఊరుమ్మడి) ఖాతాలోనో, రఖిత (కేటాయించి ఉంచిన) ఖాతాలోనో, ఆబాద అయోగ్య అనాబాది అనే సాగుకు పనికిరాని ప్రభుత్వ భూమి ఖాతాలోనో ఉంటాయి. ఆఖరి రకం అయితే జాగ్రత్త. కాగితం మీద అది 'ఖాళీ' భూమి కాబట్టి ఇంకొకరికి లీజుకి రాసివ్వడానికి అదే అన్నిటికంటే తేలిక.

ఎంత ఒడ్డు కావాలో టేపు పెట్టి కొలవండి. నాలుగైదు అడుగుల వెడల్పున్న పడవ పక్కన మనిషి నడిచే సందుతో కలిపి ఎనిమిది అడుగులు పడుతుంది. ఊళ్ళో అరవై పడవలుంటే ఒక్క పడవలకే 480 అడుగుల ఒడ్డు. వల పరచుకునేందుకు ఇంకొంత, ఎండుచేపకి ఇంకొంత. కొలత ఖాళీ రోజున కాకుండా, వేట బాగా పడి పడవలన్నీ ఒకేసారి ఒడ్డుకొచ్చిన రోజున తియ్యండి. తేదీ, సమయం పడేలా ఫోటోలు తీసుకోండి. తర్వాత ఎవరైనా 'ఇంత చోటు మీకెందుకు' అని అడిగితే ఊరందరి మాట కంటే ఆ ఫోటో గట్టిగా నిలుస్తుంది.

ఇప్పుడు చట్టం ఈ ఒడ్డుని ఎలా చూస్తుందో చెబుతాను, ఇక్కడే చాలామంది పొరబడతారు. చిలికా సముద్రపు పోటు తగిలే ఉప్పుకయ్య. అందుకని దాని ఒడ్డుకు తీర నియంత్రణ జోన్ నోటిఫికేషన్ వర్తిస్తుంది. పోటు ప్రభావం ఎక్కడిదాకా ఉందో తేల్చేది ఎండాకాలంలో నీటి ఉప్పదనం. వెయ్యికి అయిదు పాళ్ళు ఉప్పు తగిలినంత మేరా లెక్కలోకి వస్తుంది. 2011 నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి నీటి ఒడ్డున నీళ్ళు పోటులో పైకెక్కే గీత నుంచి లోపలికి 100 మీటర్లు, 2019 దాని ప్రకారం 50 మీటర్లు జోన్‌లోకి వస్తాయి. 2019ది రాష్ట్రం కొత్త మ్యాపు ఆమోదం పొందాకే అమలు. అందుకే ఎవరైనా 'మేం నిబంధన ప్రకారమే వెనక్కి జరిగాం' అంటే ఏ సంవత్సరం నిబంధన, ఏ మ్యాపు షీటు అని అడగండి. ఆ తేడా 50 మీటర్లు, అంటే మీ వలలు ఆరే చోటంతా.

అదే ఛత్రపూర్ దగ్గర తంపరా సరస్సు సంగతి వేరు. అది మంచినీటిది, 2022లో ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్కడ వర్తించేవి 2017 చిత్తడినేలల నిబంధనలు. ఆ నిబంధనలు వచ్చేనాటికి గడిచిన పదేళ్ళ సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత నిర్మాణం కూడదు. ఆ వాక్యంలోనే ఒక్క మినహాయింపు పెట్టారు, పడవల జెట్టీకి. రిసార్టులవాళ్ళు అన్నిటికంటే ముందు ఉచితంగా జెట్టీ కట్టిస్తామని ఎందుకంటారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. చిలికా 1981 నుంచే రామ్‌సర్ స్థలం అయినా తీర జోన్ కిందికి వచ్చే భాగానికి ఈ 2017 నిబంధనలు వర్తించవు. అక్కడ తీర జోన్ నిబంధనతోనే కొట్లాడాలి. అర్జీలో తప్పు చట్టం పేరు రాస్తే మొదటి విచారణలోనే పక్కన పెట్టేస్తారు.

తీర జోన్‌లో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. గ్రామస్థాయి తీర మ్యాపుల్లో మత్స్యకారుల పల్లెలు, వాళ్ళ ఉమ్మడి స్థలాలు, జెట్టీలు, ఐస్ ప్లాంట్లు, చేపలు ఎండబెట్టే చోట్లు గుర్తించి చూపాలి. మీ ఎండబెట్టే ఇసుక ఆ మ్యాపులో ఉందా లేదా? లేకపోతే, ఇందాక చెప్పిన ఫోటోలూ కొలతలూ జతచేసి కలెక్టరుకీ రాష్ట్ర తీర నిర్వహణ అథారిటీకీ ఇప్పుడే రాయండి. కంపెనీ అర్జీ పెట్టకముందు ఇచ్చిన కాగితానికి ఒక విలువ, పెట్టాక ఇచ్చిన దానికి ఇంకో విలువ.

'పబ్లిక్ హియరింగ్ పెడతారు కదా, అప్పుడు చెబుదాం' అని కొందరు ఊరుకుంటారు. అది వస్తుందని కూర్చుంటే మోసపోతారు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. కట్టే వైశాల్యం 20,000 చదరపు మీటర్ల లోపైతే పర్యావరణ అనుమతే అక్కర్లేదు, తీర జోన్ అనుమతి ఒక్కటే మిగులుతుంది. అందుకే పెద్ద ప్రాజెక్టుల్ని కూడా మొదటి విడత 19,000 చదరపు మీటర్లని చూపిస్తారు. ఎన్ని విడతలు, మొత్తం ఎన్ని గదులు అని రాతపూర్వకంగా రాబట్టండి.

భూమి కొనుగోలులోనూ ఇలాంటి కిటుకే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రభావిత కుటుంబం అంటే భూమి ఉన్నవాళ్ళే అనదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా నీటి వనరుల మీద బతుకుతున్న మత్స్యకారులూ పడవవాళ్ళూ కూడా అందులోకి వస్తారు. ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం సేకరిస్తే ప్రభావిత కుటుంబాల్లో భూమి ఉన్నవాళ్ళలో 80 శాతం సమ్మతి కావాలి, సామాజిక ప్రభావ అంచనా జరగాలి. ఉద్యోగం, లేదా కుటుంబానికి 5 లక్షలు, లేదా 20 ఏళ్ళపాటు నెలకు కనీసం 2,000 అన్న ఎంపికలూ ఆ చట్టంలోనివే. వినడానికి బాగుంది. కానీ బ్రోకరు రైతు దగ్గర నేరుగా, రాష్ట్రం పెట్టిన పరిమితికి లోపు కొంటే ఇది సేకరణ కాదు, ఈ హక్కులేవీ పుట్టవు. భూమి ఉన్న పదిమంది డబ్బు తీసుకుంటారు, పడవ ఉన్న అరవైమంది రేవు పోగొట్టుకుంటారు, చట్టం దృష్టిలో ఆ అరవైమంది లేనట్టే. బేరం ముక్కలు ముక్కలుగా, నెలకో ఎకరం చొప్పున జరుగుతుంటే అది కాకతాళీయం అనుకోకండి.

అమ్మేవాళ్ళలో షెడ్యూల్డు కులాలవాళ్ళుంటే వేరే రక్షణ ఉంది. ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం సబ్ కలెక్టరు అనుమతి లేకుండా ఆ కులాలవాళ్ళు కానివాళ్ళకి చేసిన అమ్మకం చెల్లదు. సాగుభూమిని హోటలుకి వాడాలంటే 8ఏ సెక్షన్ కింద మార్పిడి ఉత్తర్వు ఉండాలి. ఈ రెండు కాగితాలూ ఉన్నాయేమో తహసీల్లో కనుక్కోవడం ఒక పూట పని.

నీటి సంగతి చెప్పాలి. చిలికాలో దక్షిణ భాగానికి, అంటే మీ రంభ వైపుకి, సముద్రంతో నీటి మార్పిడి బహు తక్కువ. పాలూరు కాలువ ద్వారా వచ్చిపోయేదే కాస్త. అక్కడ పడిన మురుగు త్వరగా కదలదు. 200 గదుల స్టార్ హోటలు లెక్క వెయ్యండి. గదికి ఇద్దరు, మనిషికి రోజుకి 320 లీటర్ల ప్రమాణం చొప్పున 1,28,000 లీటర్ల నీళ్ళు. అందులో ఎనభై శాతం మురుగవుతుంది, రోజూ లక్ష లీటర్ల పైమాటే. శుద్ధి ప్లాంటు పెడతామంటారు, పెడతారు కూడా. తేడా ఎక్కడ వస్తుందంటే, మురుగును శుభ్రం చేసే సూక్ష్మజీవులకి గాలి ఊదే మోటార్లు ఇరవై నాలుగ్గంటలూ తిరగాలి. కరెంటు బిల్లు చూసి రాత్రి ఆపేస్తారు, రెండు రోజులకే ఆ జీవులు చచ్చి ప్లాంటు కంపు కొడుతుంది. శనాదివారాలు జనం రెట్టింపై ట్యాంకు పొంగితే, వాననీటి కాలువకి కలిపిన పక్కదారి పైపు తెరుస్తారు. శుద్ధి చేసిన నీళ్ళు తోటలకి పోస్తామన్న మాట ఎండాకాలంలో నిజమే. జూన్ నుంచి అక్టోబరు దాకా తోటకి నీళ్ళక్కర్లేదు, అప్పుడు ఆ లక్ష లీటర్లూ ఎటు పోతాయి? ఈ ప్రశ్నకి డ్రాయింగు మీద గీత గీసి చూపించమనండి. మీటరు ఎక్కడ, జనరేటరు ప్లాంటుకి కూడా కలిపారా, పక్కదారి పైపు ఉందా, ఈ మూడూ అడిగితే ఎదుటివాడికి మీరు తెలిసినవాళ్ళని అర్థమవుతుంది.

నీళ్ళు బాగుంటే ఏమవుతుందో చిలికాలోనే లెక్క ఉంది. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వకముందు ఏడాదికి 1,700 టన్నుల దగ్గరికి పడిపోయిన చేపల దిగుబడి రెండేళ్ళలో 12,000 టన్నుల దరికి చేరింది. ఏ హోటలూ ఊరికి అలాంటి పెంపు ఇవ్వలేదు. బయటి డబ్బు సరస్సులోకి దిగితే ఏమవుతుందో కూడా ఇక్కడే ఉంది. రొయ్యల ఘేరీలు (సరస్సులో చుట్టూ కట్టి రొయ్యలు పెంచే మడులు) ఇలాగే 'అందరికీ లాభం' అంటూ వచ్చాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ల చుట్టూ 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు కూడదన్నా ఘేరీలు పోలేదు, వాటి గొడవలోనే 1999 మే 29న సోరానాలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. కోర్టు తీర్పు చేతిలో ఉన్నా ఒకసారి దిగిన డబ్బుని బయటికి పంపడం ఎంత కష్టమో మీ పెద్దలకి నేను చెప్పక్కర్లేదు.

గోవా పద్ధతిలో క్యాసినోని ఓడ మీద పెడతామన్నా నష్టం ఇంకా ఎక్కువే. లోతులేని నీళ్ళలో మోటారు పడవలు రాత్రంతా జనాన్ని తిప్పాలి. ఖండా వలల (నీళ్ళలో పాతి ఉంచే ఉచ్చు వలల) కొసలు ప్రొపెల్లర్లలో పడతాయి, తెల్లారి వల తెగినవాడు ఎవరి మీద కేసు పెడతాడు? పాలూరు దాటి సముద్రపు వైపు, రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక ఉంది. పిల్లలు వెలుతురు వైపే పాకుతాయి గనక ఆ వైపు కనిపించే ఫ్లడ్ లైట్లు ఒక్క రాత్రిలో చేసే చెడుపు చాలా ఉంటుంది.

ఇక జూదం లెక్క. కుర్రాళ్ళకి పాపం పుణ్యం చెప్పకండి, లెక్క చెప్పండి. రూలెట్ చక్రంలో 37 గళ్ళు. మీ అంకె పడితే వందకి 3,500 ఇచ్చి మీ వంద తిరిగిస్తారు. 37 అంకెల మీదా తలా వంద పెడితే పెట్టింది 3,700, వచ్చేది 3,600. ఆ వంద క్యాసినోవాడిది, ఏ తిప్పుకైనా సగటున అంతే, 2.7 శాతం. తక్కువే అనిపిస్తుంది. కానీ కోత పడేది జేబులో తెచ్చిన డబ్బు మీద కాదు, తిప్పిన మొత్తం మీద. తిప్పుకి 500 చొప్పున గంటకి నలభై తిప్పులంటే 20,000 తిరిగింది, సగటున 540 పోయింది. ఆరు గంటలు కూర్చుంటే 3,240. 5,000 తెచ్చుకున్నవాడికి ఇంటికెళ్ళే బస్సు ఛార్జీ గురించి ఆలోచించాల్సి వస్తుంది. మన లోనా-బయట పేకాటలో ఒకడు పోగొట్టింది అదే వీధిలో ఇంకొకడి ఇంటికి చేరుతుంది, ఇక్కడ అది ఊరు దాటిపోతుంది. క్యాసినోల మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అది కేంద్రం, రాష్ట్రం పంచుకునేదే, మీ పంచాయతీ ఖాతాలో నేరుగా ఒక్క రూపాయి పడదు.

ఇంకో సంగతి. క్యాసినోలతో అనుభవం ఉన్న గోవా, సిక్కిం రెండూ తమ స్థానికుల్ని లోపలికి రానివ్వడం లేదు. గోవాలో ఆ నిషేధం 2020 ఫిబ్రవరి నుంచి గట్టిగా అమలు చేస్తామన్నారు. తమవాళ్ళని తామే ఆపుకోవాల్సి వచ్చిందంటే చూసుకోండి. ఒడిశాలో అలాంటి నియమమే పెట్టినా సరిహద్దు ఊరికి అది సగమే పనిచేస్తుంది. ఆధార్ ఇచ్ఛాపురానిదైతే బయటివాడే కదా. మీ బావమరుదులు లోపల, మీరు గేటు బయట.

ఉద్యోగాల గురించి రెండు ముక్కలు. పేక పంచే ఉద్యోగానికి ఇంగ్లీషు, హిందీ, శిక్షణ కావాలి. అవి ఉన్నవాళ్ళని గోవా నుంచే తెచ్చుకుంటారు. మీకు మిగిలేవి గేటు, తోట, గదులు తుడవడం, అవీ కాంట్రాక్టరు కింద. కంపెనీ సొంత రోల్స్‌లో ఎంతమంది, పీఎఫ్ ఎవరు కడతారు అని అడిగితే 'ఇంటికో ఉద్యోగం' మాట అక్కడే నీరుకారుతుంది. పెద్ద క్యాసినో ఊళ్ళకి కూడా నిలకడ లేదు. అమెరికాలో అట్లాంటిక్ సిటీలో 2014 ఒక్క ఏడాదిలో పన్నెండింటిలో నాలుగు మూతపడ్డాయి. కంబోడియాలో సిహనూక్‌విల్ రేవు పట్నం క్యాసినోలతో నిండిపోయి, 2019లో ఆన్‌లైన్ జూదం ఆపుతామని ప్రభుత్వం ప్రకటించగానే సగం కట్టిన మేడలు అలాగే నిలిచిపోయాయి.

పల్లి సభ గురించి. మీది షెడ్యూల్డు ప్రాంతం కాదు, కాబట్టి మీ తీర్మానం ఒక్కటే ప్రాజెక్టుని ఆపదు. అయినా రాయించండి, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి ఆఫీసులో అది మొదటి సాక్ష్యం. 'క్యాసినో వద్దు' అని ఒక్క లైను రాస్తే 'సరే, క్యాసినో లేకుండా రిసార్టే కడతాం' అని అదే సభకి మళ్ళీ వస్తారు. రేవు ఒడ్డు ఇన్ని అడుగులు, ఈ ప్లాట్ నంబర్లు, ఎండబెట్టే చోటు ఇది, రోడ్డు నుంచి రేవుకి ఇరవై అడుగుల దారి, ఇవి ఎవరికీ లీజుకి ఇవ్వకూడదు, ఎవరూ కంచె వెయ్యకూడదు అని నంబర్లతో రాయించండి. ఆ తీర్మానం క్యాసినో వచ్చినా మీకు పనికొస్తుంది, రిసార్టు వచ్చినా పనికొస్తుంది, రేపు రొయ్యల షావుకారు వచ్చినా పనికొస్తుంది. ఊళ్ళో మెజారిటీ రిసార్టు కావాలంటే, టూరిస్టు పడవలు మీ సొసైటీవే తిరగాలని, జెట్టీ పంచాయతీ పేరునే ఉండాలని కూడా అందులోనే చేర్చండి. ఖాళీ కాగితం మీద సంతకాలు మాత్రం ఎవరూ పెట్టకండి, హాజరు పట్టీ అంటూ తిప్పినా సరే.

సమాచార హక్కు అర్జీ ఒడిశాలో ఫారం-ఏ మీదే ఇవ్వాలి, పది రూపాయల ఫీజు, గుర్తింపు కార్డు నకలు జతచెయ్యాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. తహసీలుకి ఒకటి: ఆ ప్లాట్ల ఖాతా, కిసమ్ (భూమి రకం), లీజు అర్జీలు. తీర అథారిటీకి ఒకటి: కంపెనీ పెట్టిన అర్జీ, మ్యాపు నకలు. పర్యావరణ అనుమతో తీర జోన్ అనుమతో వచ్చేసిందని తెలిస్తే గ్రీన్ ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచికి అప్పీలు గడువు 30 రోజులు, కారణం చూపితే ఇంకో 60 రోజులు, ఆపైన తీసుకోరు. అందుకే తీర అథారిటీ వెబ్‌సైటులో సమావేశాల అజెండా చూసే పని ఊళ్ళో ఒక కుర్రాడికి అప్పగించండి.

భూలేఖ్ వెబ్‌సైటులో మీ మౌజా (రెవెన్యూ గ్రామం) రికార్డు ఒడియాలోనే ఉంటుంది. మన పెద్దలకి మాట వచ్చుగానీ చదవడం రాదు, బ్రోకర్లకి ఆ సంగతి తెలుసు. స్కూల్లో ఒడియా చదువుకుంటున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, సభకి ముందే రేవు ప్లాట్లు ఒక్కొక్కటీ తెరిచి కిసమ్ గడిలో ఏం రాసుందో చదివించుకుని, తెలుగులో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఇక్కడ పెడితే ఏ ప్లాటుకి ఏ అర్జీ వెయ్యాలో చెబుతాను.